మా అక్క పేరున్న గిన్నె

నేను తాగను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. క్లోమం వాచిందని ఆస్పత్రిలో పడుకున్నప్పుడు చూడ్డానికొచ్చిన వాళ్లలో సగం మంది మంచం దగ్గరికి రాగానే అడిగింది అదే. "ఏంటి రాంబాబుగారూ, మందు కాస్త ఎక్కువైందా అండి?" అని. అప్పుడు జవాబు చెప్పే ఓపిక లేదు. ఇప్పుడుంది కాబట్టి రాస్తున్నాను. ఒక్క చుక్క తాగకుండా, కేవలం అన్నం తిని, రెండుసార్లు చావు దాకా వెళ్లొచ్చినవాణ్ణి నేను.

మాది మండపేట. కాలిపోయిన మోటార్లకు కొత్త వైండింగ్ చేసే షాపు నాది. చేలల్లో బోరు మోటార్లు, చేపల చెరువుల్లో నీళ్లను తిరగగొట్టే మోటార్లు, మిల్లు మోటార్లు అన్నీ కాలిపోయి నా దగ్గరికి వస్తాయి. మూత విప్పకుండానే, వాసన పట్టి లోపల ఎంత కాలిందో చెబుతానని నాకు పేరుంది. ఈ ముక్కు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయినేడు మే మొదటి వారంలో మా సత్యవతక్క ఆవకాయ కలిపింది. అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. బావగారు పోయాక మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఆవకాయ జాడీలకెత్తాక బేసినుకి పిండీ నూనే అంటుకుని ఉంటాయి కదా, అందులో వేడన్నం, ముద్దపప్పు వేసి, గరిటెడు నెయ్యి పోసి, కలిపి చేతుల్లో ముద్దలు పెట్టడం మా ఇళ్లల్లో ఏటా ఉన్నదే. ఆ ముద్దలంటే అక్కకి ప్రాణం. ఆమె పెడుతూ ఉంటే నేను తింటూనే ఉన్నాను. "ఇంకొక్కటిరా తమ్ముడూ" అని ఆఖర్న రెండు కొసరింది. అవీ తిన్నాను.

షాపుకి వెళ్లి కూర్చున్న గంటకి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గ్యాసనుకున్నాను. అది వీపులోకి దిగింది. ఇటునించి అటు మేకు దిగ్గొడుతున్నట్టే ఉంది. ముందుకు వంగి కూర్చుంటే ఊపిరి ఆడేది, వెనక్కి వాలితే ప్రాణం పోయేది. రాజమండ్రి దాకా కారులో అలా వంగే వెళ్లాను. మా ఆవిడ పద్మ వీపు మీద చెయ్యేసి రాస్తూనే ఉంది.

ఐదు రోజులు నోట్లోకి నీటిచుక్క కూడా పోనివ్వలేదు. మే నెల, రాజమండ్రి, నీళ్లు లేవు. నాలిక అట్టముక్కలా అయిపోయింది. వార్డులో ఒక ఆయా ఉండేది. డ్యూటీ దిగి వెళ్లేముందు దూది తడిపి నా పెదాలకి అద్ది వెళ్లేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పక్క మంచం పెద్దాయన భార్య ఇంకో మహాతల్లి. ఆవిడకి ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. నేను ఏమీ తినకూడదని తెలిసి, ఆ వాసన నాకు తగలకూడదని మెట్ల మీదికి వెళ్లి కూర్చుని తినొచ్చేది. ఆ విషయం పద్మ చెబితే కళ్లనీళ్లు వచ్చాయి నాకు. నా ఎదురుగా తినకుండా చాటున తిన్నందుకు ఒక పరాయి మనిషికి అంత రుణపడ్డాననుకున్నాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

డాక్టరుగారు మాటకారి కాదు. "మీ రక్తం తీసి పెడితే పైన మీగడ కట్టిందండి" అన్నారు. అంత కొవ్వు. నూనె, నెయ్యి, వేపుళ్లు, కొబ్బరి, జీడిపప్పు, మాంసం మానెయ్యమన్నారు. "రెండోసారి రానివ్వకండి. వస్తే నేను మాటివ్వలేను" అన్నారు. తిండి గురించి చెప్పే మేడమ్ ఒకావిడ వచ్చి, ఇంట్లో అందరూ ఇదే తింటే ఈయన నిలబడతాడు, ఒక్కణ్ణే తినమంటే నెల తిరక్కుండా మానేస్తాడు అని పద్మతో చెప్పింది. పద్మ నా చెయ్యి పట్టుకుంది. "మేమూ అదే తింటామండి. ఒకటే గిన్నె, అందరికీ ఒకటే కూర" అంది. ఇంటర్ చదివే మా అమ్మాయి ఇందు కూడా "నేనూ నాన్నా" అంది.

నేను బతికింది ఆ మాట మీదే. మందుల మీద కాదు.

జూన్ నుంచి మా ఇంట్లో తాలింపు ఆగిపోయింది. తాలింపు అంటే రుచి అనుకుంటాం గానీ అది ఇంటికి ఒక చప్పుడు కూడా. ఆవాలు చిటపటలాడకపోతే వంట అయిందో లేదో తెలియదు. సొరకాయ ఉడికించి ఉప్పేసేది, బీరకాయ ఉడికించి ఉప్పేసేది. పప్పులో పోపు లేదు. చారు వేడినీళ్లలా ఉండేది. మజ్జిగ పలచగా, గ్లాసులోంచి అడుగు కనబడేది. మొదటి నెల కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. తలెత్తి చూస్తే ఎదురుగా పద్మ, ఇందు అదే సొరకాయ ముక్క నోట్లో పెట్టుకుంటూ కనిపించేవారు. పదిహేడేళ్ల పిల్ల నాకోసం ఇది తింటోందే అనుకుని గబగబా మింగేసేవాణ్ణి. వాళ్లు నాలుగు ముద్దలకే లేచిపోతుంటే నా పాపానికి వీళ్ల ఆకలి చచ్చిపోయిందని కుమిలిపోయాను.

టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాను. "మా ఇంట్లో ముగ్గురికీ ఒకటే గిన్నె అండి. ఇలాంటి పెళ్లాం పిల్లలు ఎవరికుంటారు?" అని. వినేవాళ్లు "అవునండి, అదృష్టవంతులండి" అని టీ గ్లాసులోకి చూసుకునేవారు. మా వీధివాళ్లే ఇద్దరు ముగ్గురు ఉండేవారు అందులో. ఎందుకలా చూసుకుంటున్నారో నాకు తట్టలేదు.

ఆగస్టు పరీక్షలో కొవ్వు సగానికి పైగా దిగింది. పద్మకి చీర కొనిపెట్టాను. త్యాగం చేసినందుకు!

సెప్టెంబరు మధ్యలో నాకు కాస్త జలుబు చేసి జ్వరం తగిలింది. ఇందు వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "వెచ్చగా ఉంది నాన్నా" అంది. ఆ చేతికి సబ్బు వాసన ఉంది. సబ్బు కింద రొయ్యల వేపుడు ఉంది. కరివేపాకు, వెల్లుల్లి, నూనెలో ఎర్రగా వేగిన రొయ్య. నా ముక్కు జలుబులో కూడా మోసపోలేదు. నేనే నమ్మలేదు. నాలుగు నెలలుగా తినకపోయేసరికి లేని వాసనలు వస్తున్నాయనుకుని పిల్లని అనుమానించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడోరోజు గిన్నెల బుట్టలో స్టీలు గిన్నె ఒకటి బోర్లించి ఉంది. అంచు మీద "ఎం. సత్యవతి" అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. కొన్న షాపులోనే పేరు వేయించుకోవడం మా అక్కకి అలవాటు. ఏంటిది అంటే "వదినగారు గోంగూర పంపారండి, ఉత్తిదే ఉడకబెట్టి" అంది పద్మ. మర్నాడూ అదే గిన్నె. ఆ మర్నాడూ అదే. అంత గోంగూర ఎవరు తింటున్నారో నాకు అంతుబట్టలేదు.

ఆ శనివారం షాపులో కరెంటు పోయింది. ఎనిమిదింటికి ఇంటికొచ్చేవాణ్ణి ఆరున్నరకే వచ్చాను. వీధి తలుపు తీసే ఉంది. పెరటి వరండాలో పద్మ, ఇందు నేల మీద కూర్చుని తింటున్నారు. మధ్యలో అక్క గిన్నె. కంచాల నిండా అన్నం. ఇందు నవ్వుతూ ఏదో చెబుతోంది. ఆ పిల్ల అన్నం తింటూ నవ్వి ఎన్నాళ్లైందో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయారు. పద్మ చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"జూలై నుంచండి." పద్మ అబద్ధం చెప్పలేదు. "ఇందు కాలేజీలో కళ్లు తిరిగి పడిపోయింది. మీకు చెప్పలేదు. వదినగారికి తెలిసి, పిల్లకి నేను వండి పంపుతాను, ఆ ఇంట్లో వాసన రానివ్వకు అన్నారు."

"నాకు చెబితే వద్దంటానా?"

"వద్దనరు. మేము తింటున్నామని తెలిస్తే మీరు మానేస్తారు. మీ సంగతి నాకు తెలియదా అండీ?"

"రోజూ నా ఎదురుగా కూర్చుని ఆ సొరకాయ నమిలింది ఏంటి మరి? నాటకమా?"

పద్మ ముద్ద కంచంలో పెట్టేసింది. ఇందు ఏడుస్తోంది.

రొయ్యలు తిన్నందుకు కాదు నాకు ఒళ్లు మండింది. తిననీ, కడుపునిండా తిననీ. ఊరంతా తిరిగి వాళ్ల గొప్ప చెప్పుకున్నానే, వాళ్లు నాలుగు ముద్దలకే లేచిపోతే చాటుగా కళ్లు తుడుచుకున్నానే, చీర కొన్నానే, అవన్నీ తలుచుకుంటే నా మొహం నాకే చూపించుకోబుద్ధి కాలేదు. రోజూ ఆ గిన్నె రావడం చూసిన వీధి వీధికీ తెలుసు, నాకు తప్ప. కాలిన మోటారుని వాసనతో పట్టేవాడికి సొంత ఇల్లు తెలియలేదు.

ఆ గిన్నె పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. అక్క ముందు గదిలో టీవీ ముందు కూర్చుని అన్నం తింటోంది. కంచంలో పలచటి మజ్జిగన్నం, పక్కన సొరకాయ ముక్కలు. చూశాను, చూసి వదిలేశాను. కోపంలో ఉన్నవాడికి కళ్లు కనబడతాయి గానీ బుర్రకెక్కవు.

"నాకూ పెట్టక్కా" అన్నాను గిన్నె ముందు పెట్టి. "వాళ్లకి పెట్టిందే నాకూ పెట్టు."

అక్క గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. అర్థమైపోయింది. "పెట్టను" అంది.

"నీ ఇంట్లో వండి నా ఇంట్లో నన్ను వెర్రివాణ్ణి చేశావు కదే. నా పెళ్లాం పిల్లల్ని నా దగ్గర్నుంచి లాక్కున్నావు. పెట్టు."

"నా చేతి ముద్ద తిని ఒకసారి వెళ్లొచ్చావు, చాలు. కాళ్లు కడుక్కుని కూర్చుంటే మజ్జిగన్నం పెడతాను. అంతకుమించి నా చేత్తో నీకు పెట్టనురా. చంపినా పెట్టను."

గిన్నె ఎత్తి గచ్చు మీద కొట్టాను. అంచు సొట్టపోయింది. అక్క కదల్లేదు.

బండేసుకుని బైపాసు మీదికి పోయాను. అక్కడో హోటల్లో మటన్ బిరియాని చెప్పాను, మీద వేపుడు చెప్పాను. నిజం చెబుతున్నాను, రుచిగా లేదు. నాలుగు నెలలు ఉప్పు నీళ్లతో గడిపిన నోటికి ఆ నూనె అంగిట్లో అంటుకుపోయి వెగటేసింది. అయినా తిన్నాను. ప్రతి ముద్దా ఎవరి మీదో కక్షతో తిన్నాను. పద్మ మీదొకటి, అక్క మీదొకటి, టీ కొట్టు దగ్గర గ్లాసులోకి చూసుకున్న వాళ్ల మీదొకటి. పద్మ నా గురించి అన్న మాట అక్షరాలా నిజం చేసి చూపిస్తున్నానని తెలుస్తూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మేకు మళ్లీ దిగింది.

రెండోసారి గురించి ఎక్కువ రాయలేను. ఎక్కువ గుర్తు కూడా లేదు. పదకొండు రోజులు. ఒక దశలో పద్మని పక్కకి పిలిచి డాక్టరుగారు ఏదో చెప్పారు, ఆవిడ గోడకి చేరగిలబడింది, అది అద్దంలోంచి చూశాను. ఇందు లోపలికి రాలేదు. తలుపు దగ్గర నిలబడి నేను చూస్తే పక్కకి తప్పుకునేది. తన తిండి వల్లే ఇదంతా జరిగిందని పిల్ల బెంగ పెట్టుకుందట. నేను పిలవాలి. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు, మనసూ రాలేదు. రెండూ నిజమే.

వార్డు మార్చాక ఒకరోజు పద్మని అడిగాను. "అక్క ఆ రోజు మజ్జిగన్నం తింటోందేంటి? వేపుడంతా మనింటికే పంపేసిందా?"

పద్మ చాలాసేపు చీరకొంగు మడతపెట్టింది, విప్పింది. "మిమ్మల్ని మొదటిసారి ఇక్కడ చేర్చినప్పుడు వదినగారు కోరుకొండ వెళ్లారండి. తన చేతి ముద్ద వల్లే మీకిలా అయిందని కొండెక్కి స్వామికి మొక్కుకున్నారు. మా తమ్ముడి రిపోర్టు అంతా బాగుందని డాక్టరు చెప్పేదాకా నెయ్యి ముట్టను, నూనె ముట్టను అని. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదన్నారు. మీకసలు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

మే నుంచి. అంటే నాతోపాటు రోజూ. వేపుడు వండి, ఉప్పు కూడా చూడకుండా గిన్నెలో పెట్టి పంపి, తను సొరకాయ తింది. నేను ఎవరితో కలిసి తింటున్నాననుకున్నానో వాళ్లు తినలేదు. ఎవరు తింటున్నారో నాకు తెలియదు.

కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరగలేదు. మళ్లీ ఒళ్లు మండింది. ఇది కూడా నాకు చెప్పలేదే అనిపించింది. మోసం చేస్తే చాటుగా చేశారు, మేలు చేసినా చాటుగానే చేశారు. నా జబ్బు గురించి అన్నీ తెలిసినవాళ్లు అందరూ, ఏమీ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క మాట చెప్పి ఉంటే అక్క పక్కన కూర్చుని తినేవాణ్ణి కదా. ఈ రెండోసారి వచ్చేదే కాదు కదా. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అక్టోబరులో ఇంటికొచ్చాను. వచ్చిన రోజే పద్మతో చెప్పాను. "మీరు మీ ఇష్టం వచ్చింది వండుకోండి. నా ఎదురుగానే తినండి. నాకోసం నటించొద్దు." ఆ సాయంత్రం మా వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. ఇందు నా వంక భయంభయంగా చూసింది. "తినవే" అన్నాను. తింది. దాన్ని దగ్గరికి తీసుకోవడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

ఇలాంటి తిండి మొదలుపెట్టబోయే వాళ్లకి నేను చెప్పేది ఇదే. ఇంట్లోవాళ్లని మీతోపాటు నోరు కట్టుకోమని అడక్కండి. వాళ్లంతట వాళ్లు కట్టుకుంటామన్నా ఒప్పుకోకండి. వాళ్లు బాగా తింటుంటే చూడ్డం మొదట్లో కష్టంగానే ఉంటుంది. చూడండి. తర్వాత తెలిసేదానికన్నా అదే నయం.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచి రోజూ రాత్రి ఏడింటికి నేను అక్క ఇంటికి వెళ్తున్నాను. మొదటి రోజు గుమ్మంలో నిలబడితే "ఏంట్రా, మళ్లీ గిన్నెలు పగలగొట్టడానికా?" అంది. క్షమాపణ నేను అడగలేదు, ఆమె అడగలేదు. సొట్టపోయిన గిన్నెలోనే ఉడికించిన బీరకాయ తెచ్చి నా ముందు పెట్టింది. ఇద్దరం తిన్నాం. నాకు తెలిసిపోయిందని ఆమెకి తెలుసు. "నీకోసం కాదులే, స్వామికి మాటిచ్చాను కాబట్టి" అంది కంచంలోకి చూస్తూ. కొత్తిమీర, జీలకర్ర, నిమ్మరసం వేసి ఆమె చేసే చారు తాలింపు లేకపోయినా తాగబుద్ధేస్తుంది. ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా నేను తప్పలేదు. నాలాగే ఆ చప్పిడి ముక్క మింగేటప్పుడు మొహం చిట్లించే మనిషి ఎదురుగా ఉంటే, అది తినడం ఇంకోలా ఉంటుంది.

ఏప్రిల్ ఆఖర్న పరీక్షలకి రాజమండ్రి వెళ్లాను, ఒక్కణ్ణే. డాక్టరుగారు కాగితం తిప్పి తిప్పి చూసి మొదటిసారి నవ్వారు. "అన్నీ మామూలుకి వచ్చేశాయండి. బాగుంది. తిండి మాత్రం జీవితాంతం ఇదే" అన్నారు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. సంతోషించాలి కదా. నాకు కనిపించింది అక్క కంచం. డాక్టరు బాగుందన్నాడు. మొక్కు తీరింది. నాకు జీవితాంతం, ఆమెకి ఇవాళ్టితో సరి. రేపట్నుంచి ఆ సొరకాయ ముందు నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చాను. రిపోర్టేదంటే "ఇంకో వారం పడుతుందన్నారు" అన్నాను. పద్మ నమ్మింది. అక్క నమ్మింది. కాగితం షాపులో రాగి తీగ చుట్టలున్న సొరుగులో, అడుగున పెట్టాను. నాకే తెలియకుండా అందరూ దాచారని ఇన్ని నెలలుగా ఏడ్చినవాణ్ణి, ఎంత తేలిగ్గా దాచేశానో చూడండి.

నిన్న అక్క ఆవకాయ కలిపింది. నేనూ పద్మా వెళ్లి సాయం చేశాం. జాడీలకెత్తాక బేసినులో పద్మ వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, ఇందుకి ముద్దలు పెట్టింది. అక్క గోడవార పీట మీద కూర్చుని చూస్తోంది. "ఈ ఏడు మన ఇద్దరికీ రాసిపెట్టి లేదురా తమ్ముడూ" అని నవ్వింది. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని, కారం అంటిన తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఒక్కసారి. వెంటనే లేచి వెళ్లి సబ్బుతో కడిగేసుకుంది.

ఇవాళ పొద్దున షాపు తెరిచి, మోటారు ముట్టకుండా, కూర్చుని ఇదంతా రాశాను. పక్కనే ఆ రిపోర్టు ఉంది. ఇది పూర్తవగానే రెండూ పట్టుకుని, అక్కా, నీ దగ్గరికే వస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పడం నాకు రాదని నీకు తెలుసు. అక్కా, నేను బాగున్నాను. బాగై పన్నెండు రోజులైంది, నేను నీకు చెప్పలేదు. బేసిను కడిగెయ్యకపోయి ఉంటే అందులో కొంచెం అన్నం కలుపుకో. నెయ్యి నేను పోస్తాను.